విశాఖ దాటాక హుద్‌హుద్ ఎక్కడికెళ్లింది?

తలుపు మూతపడటం లేదు.

బయట నుంచి గాలి తోస్తోంది. లోపల నుంచి నలుగురు భుజాలు ఆనించి నెడుతున్నారు. చెక్కల సందుల్లోంచి మంచు, జల్లెడ పట్టిన పిండిలా రాలుతోంది. చుట్టూ రాతి గోడలు. పైన కప్పు పటపటా కొట్టుకుంటోంది. దారిన పోయేవాళ్లు ఆగి, టీ తాగి, ఫొటో దిగి వెళ్లిపోవడానికి కట్టిన కొట్టు అది. ఇప్పుడందులో కాలు పెట్టే చోటు లేదు. తడిసిన ఉన్ని వాసన. స్టవ్వు పొగ. ఓ మూల ఎవరో కక్కుకున్నారు. ఎవరో హీబ్రూలో ఏడుస్తున్నారు, ఎవరో నేపాలీలో దేవుణ్ని పిలుస్తున్నారు. చేతి తొడుగు తీసిన ఓ అమ్మాయి తన వేళ్లు చూసుకుని, మళ్లీ గబుక్కున తొడిగేసుకుంది.

2014 అక్టోబరు 14, మంగళవారం. నేపాల్‌లోని థొరాంగ్ లా కనుమ. సముద్ర మట్టానికి 5,416 మీటర్ల ఎత్తు. పీల్చే ప్రతి ఊపిరిలో ప్రాణవాయువు మన ఊళ్లో దొరికేదానిలో సగమే.

"ఇక్కడే ఉంటే గడ్డకట్టి చస్తాం. దిగిపోదాం."

"దిగుదాం సరే, దారేది?"

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. బయట గాలి మళ్లీ తలుపు మీద పడింది.

* * *

రెండు రోజులు వెనక్కి. ఆదివారం. విశాఖపట్నం.

రాత్రంతా గాలి ఈల వేసింది. తెల్లారేసరికి ఆ ఈల ఊళయింది. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో హుద్‌హుద్ తుపాను తీరాన్ని తాకింది. గంటకు 185 కిలోమీటర్ల వేగం. కెరటం బీచ్ రోడ్డు ఎక్కి, కైలాసగిరి మీద పచ్చదనమంతా ఎవరో చేత్తో దూసేసినట్టు పోయి, దశాబ్దాల నాటి చెట్లు వేళ్లతో సహా లేచి కార్ల మీద కూలి, హోర్డింగులు పేకముక్కల్లా ఎగిరి, విమానాశ్రయం పైకప్పు చీరుకుపోయి, కిటికీలు లోపలికి పగిలి, మంచాల కింద దూరిన పిల్లలకి అమ్మ గొంతు కూడా వినబడనంత హోరులో ఊరు ఊరంతా గోడలకి అతుక్కుపోయింది.

ఉన్నట్టుండి నిశ్శబ్దం.

జనం తలుపులు తీశారు. ఒక్కొక్కరే వీధిలోకొచ్చారు. అయిపోయిందనుకున్నారు. అది తుపాను కన్ను. కాసేపట్లో గాలి దిక్కు మార్చి, అటు నుంచి మళ్లీ కొట్టింది. ఇంకా గట్టిగా.

విశాఖకి ఒక్క అదృష్టం ఉంది. ముందే తెలుసు. అండమాన్ దగ్గర పుట్టిన రోజు నుంచీ వాతావరణ శాఖ దాన్ని వెన్నంటే ఉంది. ఎప్పుడొస్తుందో, ఎక్కడ తాకుతుందో ముందే చెప్పింది. తీరం వెంబడి లక్షల మందిని ఖాళీ చేయించారు. అయినా పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ హెచ్చరికే లేకపోతే ఎన్ని పోయేవో ఊహించుకోవడానికే భయం వేస్తుంది.

ఆ రాత్రికి తుపాను తీరం వదిలి లోపలికి సాగింది. మర్నాటికి బలహీనపడింది. విశాఖవాసులకి అప్పటికి వేరే యుద్ధం మొదలైంది. పాల ప్యాకెట్ కోసం క్యూ. పెట్రోల్ కోసం క్యూ. ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న ఇంటి ముందు క్యూ. వెళ్లిపోయిన తుపాను ఇప్పుడెక్కడుందో ఎవరిక్కావాలి?

అది నడుస్తోంది. ఛత్తీస్‌గఢ్ మీదుగా, తూర్పు ఉత్తరప్రదేశ్ వైపు. గాలికి మునుపటి సత్తువ లేదు. కడుపులో సముద్రం మాత్రం అలాగే ఉంది.

పటం తీసి, విశాఖ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి గీత గీయండి. సుమారు 1,230 కిలోమీటర్ల దగ్గర ఆ గీత హిమాలయానికి తగులుతుంది. అక్కడున్న కనుమ పేరు థొరాంగ్ లా.

* * *

సోమవారం సాయంత్రం. థొరాంగ్ హై క్యాంప్. దాదాపు 4,900 మీటర్లు.

లాడ్జి భోజనాల గదిలో కిటికీలన్నీ ఆవిరి పట్టేశాయి. వెల్లుల్లి సూప్ వాసన. ఎత్తు మీద తలనొప్పికి అది మందని ఆ దారిలో అందరికీ నమ్మకం. టేబుళ్ల మీద పటాలు పరిచి ఉన్నాయి. కెనడావాళ్లు, పోలండ్‌వాళ్లు, ఇజ్రాయెల్ కుర్రకారు, భారతీయులు. పదీ పన్నెండు రోజులుగా నడిచొచ్చినవాళ్లు. వరి చేల దగ్గర మొదలై, దేవదారు అడవులు దాటి, చెట్టన్నది లేని రాతి నేల మీదికి ఎక్కొచ్చారు. అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే ఈ దారిలో ఇక మిగిలింది ఒక్క కనుమే. రేపు దాటితే చాలు. అవతల దిగువన ముక్తినాథ్. వేడి నీళ్లు, మెత్తటి పడక.

ముక్తినాథ్ అంటే మనకి కొత్త కాదు. 108 దివ్యదేశాల్లో ఒకటి. 108 ధారల కింద తల తడుపుకోవడానికి తెలుగు ఊళ్ల నుంచి ఏటా బస్సులెక్కి, విమానాలెక్కి వెళ్లేవాళ్లున్నారు. మన పూజగదిలోని సాలగ్రామం ఆ కొండల కింద పారే కాళీ గండకిలోదే. యాత్రికులు వెళ్లేది జోమ్‌సోమ్ వైపు నుంచి. ట్రెక్కర్లు వచ్చేది కనుమ మీదుగా. కాళీ గండకి వైపు నుంచైనా, కనుమ వైపు నుంచైనా చేరేది ఆ గుడి దగ్గరికే.

అతిథులు తిన్నాక పోర్టర్లకి పళ్లేలొచ్చాయి. దాల్ భాత్. ఓ కుర్రాడు గోడవారన గొంతుక్కూర్చుని గబగబా కలుపుకుంటున్నాడు. నుదుటి మీద అడ్డంగా ఓ చార. మొలతాడంత సన్నం కాదు, అరచేయంత వెడల్పు. నామ్లో ఒత్తిన గుర్తది. ఆ పట్టీని నుదుటికి తగిలించుకుంటే వీపు మీది మోతంతా మెడ మీదికొస్తుంది. రెండు పెద్ద సంచులు, పైన తన చిన్న మూట. ఎవరి సామానో అతనికి పేరు కూడా సరిగ్గా తెలీదు. కాళ్లకి గుడ్డ బూట్లు. పల్చటి జాకెట్టు. చేతి తొడుగుల్లేవు. ఆ రాత్రి ఆ కొండ మీద అలాంటి కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. అతని పేరు ఏదైనా కావచ్చు.

"దాయ్ (అన్నా), రేపు ఎక్కుతున్నామా?"

గైడ్ కిటికీ మీది ఆవిరి చేత్తో తుడిచాడు. బయట సన్నగా రాలుతోంది.

"పొద్దున లేచి చూద్దాం, భాయ్. అక్టోబరు మంచు. ఆగిపోద్దిలే."

అతని లెక్క తప్పు కాదు. వానాకాలం సెప్టెంబరుతో వెళ్లిపోతుంది. దసరా తర్వాత ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. నేపాల్‌కి ట్రెక్కర్లు ఎక్కువగా వచ్చేది అప్పుడే. లాడ్జిలు నిండేది, పోర్టర్లు ఏడాది ఖర్చులకి సంపాదించుకునేది ఆ కొద్ది వారాల్లోనే. ఆ వారాల్లో మంచు తుపాను వస్తుందని ఎవరు అనుకుంటారు?

కింద మనాంగ్‌లో, 3,540 మీటర్ల దగ్గర, హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ డాక్టర్లు సీజన్‌లో రోజూ మధ్యాహ్నం పాఠం చెబుతారు. నెమ్మదిగా ఎక్కండి. నీళ్లు బాగా తాగండి. తలనొప్పి తగ్గకపోతే, అడుగులు తడబడితే వెంటనే దిగిపోండి. ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి మనిషి ఎలా పోతాడో విడమరచి చెబుతారు. ఈ దారిలో నడిచేవాళ్లకి గుండెల్లో ఉండే భయం అదొక్కటే.

తుపాను నేపాల్ వైపు వస్తోందన్న కబురు కాఠ్మాండు దాకా వచ్చింది. వాన, మంచు పడతాయని హెచ్చరిక కూడా వెలువడింది. అక్కడి నుంచి కొండెక్కి హై క్యాంప్ లాడ్జికి వచ్చి, ఆ గది తలుపు తట్టి చెప్పినవాళ్లు లేరు.

దీపాలార్పారు. పోర్టర్లు భోజనాల గది బల్లల మీదే పడుకున్నారు. రేకుల మీద చప్పుడు ఆగిపోయింది. మంచు ఆగిందనుకున్నారు. ఆగలేదు. రేకు కనబడనంత మందంగా పేరుకుంది.

* * *

తెల్లవారుజామున నాలుగు.

థొరాంగ్ దాటేవాళ్లంతా చీకట్లోనే లేస్తారు. పొద్దెక్కితే కనుమ మీద గాలి రేగుతుంది. అది రోజూ ఉండే గాలే. అందుకని తొమ్మిది, పదికల్లా పైకి చేరిపోవాలి. తలకి లైట్లు కట్టుకున్నారు. తలుపు తీస్తే గడప మీద మంచు.

"వెళ్దామా, వద్దా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు గుంపు బయల్దేరింది. వాళ్లు వెళ్తున్నారంటే వెళ్లొచ్చన్నమాట, అనుకుంది రెండో గుంపు. రెండో గుంపుని చూసి మూడోది. జోమ్‌సోమ్‌లో విమానం టికెట్లున్నవాళ్లు, సెలవులు అయిపోతున్నవాళ్లు, కూలి రోజు లెక్కన వచ్చేవాళ్లు. ఒక్క రోజు ఆగడం ఎవరికీ చిన్న విషయం కాదు. ఆగినవాళ్లూ కొందరున్నారు. వెనక్కి తిరిగినవాళ్లూ ఉన్నారు. ఆ పొద్దున వాళ్లని మిగతావాళ్లు పిరికివాళ్లనే అనుకుని ఉంటారు.

చీమలబారులా దీపాల వరస పైకి పాకింది.

చీలమండ దాకా ఉన్న మంచు గంట తిరిగేసరికి మోకాలికొచ్చింది. దారి పొడుగునా పాతిన గుర్తు కర్రలు ఒకదాని నుంచి ఇంకోటి కనిపించడం మానేశాయి. కుర్రాడు ముందున్నవాడి అడుగులో అడుగేస్తున్నాడు. గుడ్డ బూట్లలోకి మంచు దిగి, కరిగి, మళ్లీ గట్టిపడింది. చేతులకి సాక్సు తొడుక్కున్నాడు. నుదుటి పట్టీ కింద చెమట మాత్రం కారుతోంది. నాలుగడుగులు, ఆగి ఊపిరి. మూడడుగులు, ఊపిరి. తెల్లారిందో లేదో తెలీదు. చీకటి నల్లగా ఉండటం మానేసి తెల్లబడింది, అంతే. ఆకాశమూ తెలుపు, నేలా తెలుపు, మధ్యలో గాలి కూడా తెలుపే అయిపోయి, చేయి చాపితే వేళ్లు కనబడక, కాలు పెడుతున్నది కొండ మీదో లోయ అంచునో తెలీక, ముందున్నవాడి వీపు మీది ఎర్ర సంచి ఒక్కటే లోకంలో మిగిలిన రంగు అన్నట్టు, దాన్ని చూసుకుంటూ నడిచారు.

ఆ ఎర్ర రంగు ఒకసారి మాయమైంది. కుర్రాడి గుండె ఆగింది. మళ్లీ కనిపించింది. ఆగి నిలబడి ఉంది.

"కనుమ వచ్చేసింది, భాయ్! కొట్టులోకి పద!"

రంగురంగుల ప్రార్థన జెండాల తోరణాలు మంచులో కూరుకుపోయాయి. 5,416 మీటర్లు అని రాసిన బోర్డు దగ్గర ఫొటో దిగడానికి ఎవరూ ఆగలేదు. అందరూ రాతి గోడల కొట్టు వైపు తోసుకున్నారు. వెనక నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు.

* * *

లోపల వేడి టీ కాసేపు ధైర్యమిచ్చింది. తర్వాత టీ అయిపోయింది. ఒంటి మీద కరిగిన మంచు బట్టల్లోకి ఇంకి, చలి ఎముకల్లోకి దిగింది. గంట గడిచింది. గాలి తగ్గలేదు. తలుపు తీసిన ప్రతిసారీ బయట మంచు ఇంకాస్త ఎత్తు పెరిగి కనిపించింది. ఇలాగే పడితే రాత్రికి కొట్టే పూడిపోతుందేమో. అలా అనుకున్నాక ఎవరి మనసూ కుదురుగా లేదు.

కొట్టు నడిపేవాళ్లు కూడా దిగే ఆలోచనలోనే ఉన్నారు. వాళ్లకి దారి తెలుసు. ఏళ్లుగా ఎక్కి దిగుతున్నవాళ్లు. వాళ్ల వెనకే వెళ్తే బతుకుతాం అన్న మాట ఆ మూల నుంచి ఈ మూలకి పాకింది. డబ్బులిస్తే దారి చూపిస్తారన్నారు. కొందరు పర్సులు తీశారు. కొందరు బూట్ల తాళ్లు బిగించారు.

కొందరు కదల్లేదు. గోడకి ఆనుకుని ఒకరినొకరు కరచుకుని కూర్చున్నారు.

గైడ్ కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు మోత వైపు చూశాడు.

"దాయ్, మీ ఇష్టం."

అతను మెడ వంచి నామ్లో మళ్లీ నుదుటికి తగిలించుకున్నాడు.

* * *

మామూలు రోజయితే థొరాంగ్ నుంచి ముక్తినాథ్‌కి నాలుగైదు గంటలు. 1,600 మీటర్ల దిగుడు. మోకాళ్లు నొప్పెడతాయి, అంతకు మించి కష్టం లేదు. కింద కాళీ గండకి లోయ, ఎదురుగా ధవళగిరి కనిపిస్తూ ఉంటాయి.

ఆ రోజు ఏమీ కనిపించలేదు. గాలి నేరుగా మొహం మీదికి. కనురెప్పలకి మంచు పట్టి అతుక్కుపోతోంది. మంచు తొడ దాటి నడుము దాకా వచ్చింది. ముందు వెళ్లేవాళ్లు చేసిన గాడి నిమిషంలో పూడిపోతోంది. ఒకరి వెనక ఒకరుగా బయల్దేరిన వరస మొదట సాగింది. తర్వాత తెగింది. తెగిన ముక్కలు మళ్లీ తెగాయి. "దాయ్!" అన్న కేక గాలికి కొట్టుకుపోయింది. ముందున్నవాడు ఎడమకి తిరిగాడా, కుడికా? ఎవరికి వాళ్లు దిగుడు ఎటుంటే అటు నడిచారు. దారి తప్పి వాగు గాడుల్లోకి దిగినవాళ్లు పైకి రాలేకపోయారు. మంచు అక్కడే లోతుగా పేరుకుంది.

చలి మనిషిని ఒక్కసారిగా చంపదు. ముందు వేళ్లు చెప్పిన మాట వినవు. జాకెట్టు జిప్పు పైకి లాగాలని ఉంటుంది, పట్టు దొరకదు. తర్వాత ఒళ్లంతా వణుకు. ఆ వణుకు ఉన్నంతసేపూ ఒంట్లో పోరాటం ఉన్నట్టే. అది ఆగిపోతే అసలు ప్రమాదం మొదలైనట్టు. మాట ముద్దగా వస్తుంది. అడుగులు అడ్డదిడ్డం. ఉన్నట్టుండి వెచ్చగా అనిపిస్తుంది. కొందరు ఒంటి మీది బట్టలు లాగేసుకుంటారు కూడా. నిద్ర ముంచుకొస్తుంది. కాసేపు కూర్చుందాం అనిపిస్తుంది.

"మోత పడెయ్ భాయ్! పడేసి నడువ్!"

గైడ్ గొంతు ఎక్కడి నుంచో. కుర్రాడు విన్నాడు. వినీ ఆగాడు. అందులో ఎవరివో బట్టలు, ఎవరిదో కెమెరా. పోతే లెక్క చెప్పాల్సింది తనే కదా. కూలిలో కోస్తే? మళ్లీ పని ఇవ్వకపోతే? అంత చలిలోనూ ఆ లెక్క బుర్రలోంచి పోలేదు. అదే ఈ కథలో అన్నిటికంటే బాధ పెట్టే క్షణం. పల్చటి బట్టల్లో ఉన్నవాడి వీపు మీదే, బిగించిన సంచుల్లో, వెచ్చటి బట్టలున్నాయి. అవి అతనివి కావు.

నుదుటి పట్టీ జారింది. సంచుల పక్కనే మంచులో కూర్చున్నాడు.

"కాసేపే, దాయ్. వచ్చేస్తాను."

ఆ మధ్యాహ్నం ఆ వాలులో అలా కూర్చున్నవాళ్లు చాలామంది. వాళ్లలో లేచినవాళ్లు కొందరే.

* * *

రాత్రి. కనుమ మీది కొట్టు.

దిగకుండా ఉండిపోయినవాళ్లు ముద్దగా ఒక్కచోట చేరారు. కాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు పెట్టుకున్నారు. నిద్రపోతే చస్తామని తెలుసు. ఎవరి తల వాలినా పక్కవాళ్లు చెంప మీద కొట్టారు. పేర్లు పిలుచుకున్నారు. పొద్దున వరకూ ఒకరికొకరు ముక్కూ మొహం తెలీనివాళ్లు. రాత్రంతా ఒకరి ఊపిరి ఒకరు కాచుకున్నారు. దిగినవాళ్లు ఈపాటికి ముక్తినాథ్‌లో వేడి సూప్ తాగుతుంటారని కొందరు కుళ్లుకున్నారు కూడా.

కింద ముక్తినాథ్ లాడ్జిల్లో మంచుబొమ్మల్లా కొందరు వచ్చి తలుపుల మీద పడ్డారు. మొహాలు నల్లబడ్డాయి. వేళ్లు కర్రల్లా ఉన్నాయి. "వెనకాల ఉన్నారు" అంటున్నారు. ఎంతమంది అంటే చెప్పలేకపోతున్నారు.

బుధవారం తెల్లారింది. మబ్బు తునక లేదు. అక్టోబరు ఆకాశం ఎలా ఉండాలో అలా, నీలంగా.

పన్నెండు గంటల్లో దాదాపు ఆరడుగుల మంచు పడింది. ఆ తెలుపు మీద అక్కడక్కడా చిన్న చిన్న రంగు చుక్కలు. నేపాల్ సైన్యం హెలికాప్టర్లు లోయలోంచి పైకి లేచాయి. రెక్కల గాలికి మంచు చెదిరినప్పుడల్లా పైలట్లకి ఆ చుక్కలు ఏమిటో తెలిసింది. ఓ సంచి మూల. ఓ చెయ్యి. ఓ గుడ్డ బూటు.

సైనికులు పారలతో తవ్వారు. లాడ్జివాళ్లు తవ్వారు. ట్రెక్కింగ్ ఏజెన్సీల సంఘం మనుషులు తవ్వారు. రోజుల తరబడి సాగింది. 500 మందికి పైగా బతికి బయటపడ్డారు. మంచు కాటుకి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఆసుపత్రి మంచాల మీద తెల్ల కట్లతో కూర్చున్నారు. థొరాంగ్ ఒక్కచోటే కాదు, ధవళగిరి బేస్ క్యాంప్ దగ్గర, మనాంగ్ జిల్లాలో ఫూ వైపు మంచుచరియలు విరుచుకుపడ్డాయి. యాక్‌లు కాసుకునే కొండవాసులు కూడా పోయారు. మొత్తం కనీసం 43 మంది. అందులో 21 మంది ట్రెక్కర్లు. ఇజ్రాయెల్, కెనడా, పోలండ్, భారత్, నేపాల్... పేర్లతో, ఫొటోలతో పత్రికల్లో వచ్చినవాళ్లు కొందరు. పేరు కూడా రానివాళ్లు కొందరు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఎవరెస్టు దారిలో, ఖుంబు ఐస్‌ఫాల్ దగ్గర మంచుచరియ పడి 16 మంది నేపాలీ పర్వతారోహణ కార్మికులు చనిపోయారు. ఆ దుఃఖం ఆరకముందే ఇది.

* * *

వాయుగుండంగా నీరసించిన హుద్‌హుద్ కొండల దగ్గరికి వచ్చేసరికి పడమటి నుంచి వచ్చే చల్లటి గాలుల ద్రోణి ఎదురైంది. రెండూ కలిశాయి. విశాఖ మీద వానగా కురవగా మిగిలిన సముద్రాన్ని హిమాలయం గోడలా అడ్డగించి పైకెత్తింది. పైకెక్కిన తేమ గడ్డకట్టింది. కనుమ మీద కూలింది.

ఇది మొదటిసారి కాదు. 1995 నవంబరులో ఎవరెస్టు పక్కనున్న గోక్యో లోయలో, పాంగా అనే చోట, మంచుచరియ ఓ లాడ్జిని నిద్రలోనే పాతిపెట్టింది. 13 మంది జపాన్ ట్రెక్కర్లు, వాళ్లతో వచ్చిన నేపాలీలు పోయారు. ఆ మంచూ బంగాళాఖాతం తుపాను తెచ్చిందే. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ కూడా నేపాల్ కొండల దాకా వెళ్లి కురిసింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖని తాకింది. అంటే ఈ దారి తుపానుకి తెలుసు. వాతావరణం చదివేవాళ్లకీ తెలుసు. నుదుటికి పట్టీ కట్టుకుని నడిచేవాడికే తెలీదు.

థొరాంగ్ నుంచి శవాలింకా దించుతుండగానే అప్పటి నేపాల్ ప్రధాని సుశీల్ కొయిరాలా ముందస్తు హెచ్చరికల వ్యవస్థ పెడతామని మాటిచ్చారు. తీరం దాటాక తుపాను కనుమ చేరడానికి పట్టింది రెండు రోజులు. మనాంగ్ నుంచి కనుమ కిందికి నడిచి చేరాలన్నా దాదాపు రెండు రోజులే పడుతుంది. మనాంగ్‌లో ఒక్క మైకు, లాడ్జి గోడ మీద ఒక్క కాగితం, ఒక్క ఫోన్ కాల్ చాలు, ఆ పొద్దున దీపాల వరస పైకి పాకకుండా ఆగడానికి. అది జరగలేదు. జరగకపోవడం క్షమించరాని తప్పు.

అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నపూర్ణ దారికో, ముక్తినాథుడి దర్శనానికో వెళ్లేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, బయల్దేరేముందు బంగాళాఖాతంలో ఏముందో చూసుకోమనండి. ఒడిశాలోనో, మన కోస్తాలోనో తుపాను తీరం దాటిందన్న వార్త వింటే, అక్కడున్న మీవాళ్లకి ఆ రాత్రే ఫోన్ చేయండి. మూడు రోజులు కిందే ఆగమనండి. వాళ్ల సామాను మోసే కుర్రాడికి బూట్లు, చేతి తొడుగులు ఉన్నాయో లేదో ఎక్కడం మొదలుపెట్టకముందే చూడమనండి. లేకపోతే కొనిపెట్టమనండి.